కొట్టక విడిచిన అడవి: క్వీన్స్‌లాండు కొండపల్లెలు

కొండమీది పల్లెను చూడబోవు యాత్రికుడు సాధారణముగా మూడింటిని కోరును: చల్లనిగాలి, దూరపుచూపు, పాఱునీరు. ఈ మూడును దొరకినచోట ఒక రాత్రి నిదురించి, నాలుగు ఛాయాచిత్రములు తీసికొని దిగివచ్చును. ఆ నీరు ఎక్కడనుండి వచ్చుచున్నది, ఆ నీడను ఎవరు కాపాడిరి, కొండచఱియలో సగము అడవిగాను సగము పచ్చికగాను ఏల ఉన్నది అని అడుగువారు తక్కువ. అడిగినచో ప్రతి కొండపల్లెకును ఒక చరిత్ర బయటపడును. అట్టి చరిత్రను తేటగా చూపు సీమ యొకటి ఆస్ట్రేలియా ఖండపు తూర్పుతీరమున కలదు. క్వీన్స్‌లాండు రాష్ట్రపు ఆగ్నేయభాగమున, బ్రిస్బేన్ నగరమునకు దక్షిణమునను ఉత్తరమునను, సముద్రతీరమునకు వెనుక లేచిన కొండలమీద ఉన్న పల్లెలను గూర్చి ఈ ప్రసంగములో చెప్పదలచితిమి.

ఈ పల్లెలు మనకు అంత దూరపువి కావు. బ్రిస్బేన్‌లో నేడు తెలుగు కుటుంబములున్నవి; చదువుకొఱకు, ఉద్యోగముకొఱకు పోయిన మన పిల్లలున్నారు. వారిని చూడబోయిన తల్లిదండ్రులు ఉదయము బయలుదేఱి సాయంకాలమునకు తిరిగి రాదగిన దూరములోనే ఈ కొండలున్నవి. దక్షిణమున తాంబొరీన్, స్ప్రింగ్‌బ్రుక్, లామింగ్టన్ అను పీఠభూములు గోల్డ్‌కోస్టు పట్టణమునకు వెనుక నిలిచినవి. ఉత్తరమున బ్లాకాల్ కొండలవరుస మీద మలేనీ, మాంట్‌విల్ అను ఊళ్లున్నవి. దిగువ తీరమున ఆకాశమునంటు భవనములు, ఇసుక, జనసమ్మర్దము. ఒక గంట పయనముతో పైన పొగమంచు, ఫెర్న్ మొక్కలు, పక్షికూత.

ఈ సీమ భూమధ్యరేఖకు దక్షిణముగా సుమారు 28 డిగ్రీల అక్షాంశమున నున్నది. ఉత్తరమున మన ఢిల్లీ ఎంత దూరముననున్నదో, దక్షిణమున ఇదియు ఇంచుమించుగా అంత దూరముననే యున్నది. మకరరేఖ దీనికి పైగా, రాక్‌హాంప్టన్ పట్టణము దగ్గఱ పోవును. ఆ రేఖను దాటినంతమాత్రమున చలిదేశము రాదు. వేసవి వేడిగాను వానలతోను, చలికాలము పొడిగాను తేలికగాను ఉండు నడిమి మండలమొకటి వచ్చును. దీనినే ఉప ఉష్ణమండల మందురు. ఢిల్లీకి సముద్రము దూరము. ఇచ్చట సముద్రము ఎదుటనే యున్నది. పసిఫిక్ మహాసముద్రముమీదినుండి వచ్చు తేమగాలి తీరపు మైదానమును దాటి, ఇరువది ముప్పది కిలోమీటర్లు పోవునప్పటికి కొండలకు తగిలి, పైకి లేచి, చల్లబడి వర్షించును. స్ప్రింగ్‌బ్రుక్ పీఠభూమి ఎగువభాగమున ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు చేరువగా వాన కురియును. విశాఖపట్టణపు వానకు ఇది సుమారు మూడింతలు.

అచ్చటి ఋతువులు మనకు తలక్రిందులు. మనకు వానకాలమైన జూన్, జూలై, ఆగస్టు నెలలు వారికి చలికాలము. ఆకాశము నిర్మలముగా నుండును. పగలు హాయిగాను, కొండమీద రాత్రులు గట్టి చలిగాను ఉండును. అడవిలో నడువగోరువారికి ఇదియే తగిన కాలము. డిసెంబరునుండి మార్చివఱకు వానలు. జలపాతములను నిండుగా చూడగోరువారు ఆ వానల వెనువెంటనే పోవలెను. కాని వానలలో కొండదారులు మూసివేయుటయు, చెట్లు కూలుటయు, అడవిదారులలో జలగలు పట్టుటయు మామూలే.

ఇక ఈ కొండలు పుట్టిన తీరు చెప్పవలెను. పల్లెల బ్రతుకంతయు దానినుండియే వచ్చినది. సుమారు 2 కోట్ల 30 లక్షల సంవత్సరముల క్రిందట ఇచ్చట పెద్ద అగ్నిపర్వతము ఉండెను. దాని లావా పొరలు పొరలుగా నలుదెసల పాఱి, వెడల్పయిన డాలువంటి కొండగా పేరుకొనెను. అగ్ని చల్లాఱిన తరువాత వానయు ఏఱులును దానిని కోసివేయ నారంభించినవి. కాలక్రమమున నడుమ విశాలమైన పళ్లెమువంటి లోయ ఏర్పడెను. పర్వతపు గొంతుకలో గట్టిపడిన రాయిమాత్రము ఆ లోయ నడుమ 1,150 మీటర్లకు పైబడిన శిఖరముగా మిగిలెను. అదియే వోలుంబిన్. బుంజలుంగ్ అను ఆదివాసి ప్రజకు అది పవిత్రస్థలము. ఎక్కుదారిని ప్రభుత్వము 2020 లో మూసివేసెను. ఆ అగ్నిపర్వతపు ఉత్తరపు అంచులే లామింగ్టన్, స్ప్రింగ్‌బ్రుక్ పీఠభూములు. తాంబొరీన్ కొండ తలమీది ఎఱ్ఱనేలకూడ ఆ కాలపు లావా కరగిన మన్నే. మన దక్కను నల్లరేగడి పుట్టినదియు బసాల్టు రాతినుండియే. వాన మిక్కుటముగా కురిసి సారమును కడిగివేసినచోట అట్టిరాయియే ఎఱ్ఱమన్నగును. తల చదునైన కొండ, లోతైన ఎఱ్ఱనేల, విడువని వాన: ఈ మూడును కలిసినచోట అడవి దట్టముగా పెరిగెను. ఆ అడవికొఱకే తరువాతి మనుష్యులు కొండ నెక్కిరి.

ఆ అడవికి నేడున్న పేరును విన్న తెలుగువాడు ఒక్క క్షణమాగి ఆలోచింపవలెను. దానిని ఆస్ట్రేలియా గోండ్వానా వర్షారణ్యములందురు. గోండ్వానా యనగా గోండుల సీమ. ఆదిలాబాదు అడవులలోనున్న మన గోండుల పేరది. 1870 ల నాటి భారత భూగర్భ పరిశోధకులు మధ్యభారతపు పురాతన శిలలకు ఆ పేరు పెట్టిరి. సింగరేణి బొగ్గు దొరకునదియు గోదావరి లోయలోని ఆ శిలలలోనే. ఆస్ట్రియా దేశపు భూగర్భ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ స్యూస్ 1885 లో ఆ పేరునే ఒక ప్రాచీన మహాఖండమునకు వాడెను. భారతదేశము, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఒకప్పుడు ఒకే భూమిగా ఉండినవనియు, మన తూర్పు కనుమలు అంటార్కిటికాకు ఆనుకొని యుండినవనియు నేడు శిలలే సాక్ష్యమిచ్చుచున్నవి. ఆ మహాఖండమునాటి వృక్షవంశములు ఇంకను జీవించియున్న చోట్లలో ఈ క్వీన్స్‌లాండు కొండలొకటి. స్ప్రింగ్‌బ్రుక్ శిఖరపు అంచున, మబ్బు దిగు తావున, అంటార్కిటిక్ బీచ్ అను చెట్లు గుంపులు గుంపులుగా నిలిచియున్నవి. పాతమాను చచ్చినను మొదటినుండి కొత్తమానులు చుట్టును లేచును. అట్టి గుంపులలో కొన్నింటి వయస్సు రెండువేల యేండ్లకు మించినదని అంచనా. వాని చుట్టములు మంచుక్రింద అంటార్కిటికాలో శిలాజములై పడియున్నవి.

ఈ కొండలకు మొదటి యజమానులు ఆదివాసులు. తాంబొరీన్ ప్రాంతము యుగంబె భాషవారిది; ఆ పేరునకు అడవినిమ్మ పెరుగుచోటు అని అర్థము చెప్పుదురు. మలేనీ ప్రాంతము జినిబరా ప్రజలది. ఆ భూమిపై వారి సంప్రదాయ హక్కును న్యాయస్థానము 2012 లో అంగీకరించెను. కొండపల్లెకు అతిథిగా పోవు మర్యాదను మొట్టమొదట ఏర్పఱచినవారు వీరే. బ్లాకాల్ కొండలలో బున్యా అను పెద్దచెట్టు కలదు. దాని కాయ చిన్న పనసకాయంత యుండి పది కిలోగ్రాములవఱకు తూగును. లోని గింజలు మంచి యాహారము. సుమారు మూడేండ్లకొకసారి విరివిగా కాచును. కాచిన యేట అక్కడివారు దూరదూరపు తెగలకు కబురంపెడివారు. వందల కిలోమీటర్లనుండి జనము వచ్చి, వారములకొలది ఉండి, తిని, ఆడి, పాడి, తగవులు తీర్చుకొని, పెండ్లిమాటలు మాటాడుకొని పోయెడివారు. ఏ చెట్టు ఎవరిదో నిర్ణయమున్నది. అతిథి పిలుపులేక రాడు, తన యిష్టమువచ్చిన చెట్టెక్కడు. బ్రిస్బేన్‌లో పెరిగిన టామ్ పెట్రీ 1840 లలో బాలుడుగా నుండగా ఈ వేడుకకు వారివెంట పోయెను. అతడు చెప్పిన సంగతులను కుమార్తె 1904 లో గ్రంథముగా ప్రకటించెను.

ఆ చెట్ల విలువను తెలిసికొని గవర్నరు గిప్స్ 1842 లో బున్యాచెట్లున్న నేలమీద వలసదారులు నివసింపరాదనియు, కలప కొట్టరాదనియు ఆజ్ఞ నిచ్చెను. అది పదునెనిమిదేండ్లు మాత్రమే నిలిచెను. క్వీన్స్‌లాండు వేఱు రాష్ట్రమైన మఱుసటి యేడు, 1860 లో, ఆ ఆజ్ఞను రద్దుచేసిరి. గొడ్డళ్లు పైకెక్కినవి. 1897 లో వచ్చిన చట్టము ఆదివాసులను తమ నేలలనుండి తరలించు అధికారమును ప్రభుత్వమునకిచ్చెను. విందు పెట్టినవారే తమ యింట పరులైరి. కొండల అందమును చెప్పువారు ఈ భాగమును దాటిపోరాదు.

మొదట పోయినది ఎఱ్ఱ సెడారు. దీనిని అచ్చటివారు ఎఱ్ఱబంగార మనిరి. ఇది మనకు తెలియని చెట్టు కాదు. మన దేశపు కొండయడవులలో పెరిగి, హిందీలో తూన్ అని పిలువబడునది ఇదియే. కలప తేలికగా నుండును, చిత్రికకు లొంగును, నిగనిగలాడును. దానికొఱకు కలపకొట్టువారు దారిలేని లోయలలో నెలలతరబడి గుడారములలో బ్రదికిరి. మానులను కొండయంచునుండి క్రిందికి దొర్లించిరి, ఎద్దుల బారులతో ఈడ్పించిరి, ఏఱులలో వఱద వచ్చువఱకు వేచి తేలవిడిచిరి. ముదుసలి చెట్లన్నియు ఒక మనుష్యుని జీవితకాలములోనే అరుదైపోయినవి. అటుపై రంపపుమిల్లులు వచ్చి తక్కిన జాతులను కోసినవి. కలప పోయినచోట ప్రభుత్వము భూమిని తునుకలుచేసి సేద్యమునకిచ్చెను. స్ప్రింగ్‌బ్రుక్‌లో మొదటి రైతులు 1906 లో దిగిరి. మిగిలిన చెట్లను నఱకి, ఎండబెట్టి, తగులబెట్టి, బూడిదలో గడ్డి విత్తిరి. పాడి వృద్ధియాయెను. మీగడ డబ్బాలు కొండదారులగుండ వెన్న కర్మాగారములకు చేరినవి. వెన్న ఓడలెక్కి ఇంగ్లండుకు పోయెను.

ఈ బ్రతుకుకూడ శాశ్వతము కాలేదు. 1973 లో బ్రిటను ఐరోపా ఉమ్మడి విపణిలో చేరగానే ఆస్ట్రేలియా వెన్నకు పాత బేరము సన్నగిల్లెను. 2000 లో పాల ధరలకున్న ప్రభుత్వ రక్షణను ఎత్తివేసిరి. చిన్నచిన్న పాడిరైతులు ఒకరివెంట నొకరు విరమించిరి. కలపయైపోయెను, వెన్నయైపోయెను. అట్లయినచో నేడు ఈ పల్లెలు దేనిని తిని బ్రదుకుచున్నవి? ఈ ప్రశ్నకు జవాబే మా ప్రసంగపు ముఖ్యవిషయము. ఆనాడు కొందఱు కొట్టనీయక అడ్డుపడిన అడవియే నేడు వారికి అన్నము పెట్టుచున్నది.

ఆ అడ్డుపడినవారిలో మొదటివాడు రాబర్ట్ మార్టిన్ కాలిన్స్. తాంబొరీన్ కొండ దాపుననే గొడ్లమందలు మేపిన భూస్వామి. 1878 లో అమెరికా పోయినప్పుడు అచ్చట ఒక ప్రదేశమును ప్రజలందఱి వేడుకకొఱకు అమ్మక కొట్టక ఉంచు పద్ధతి పుట్టినదని తెలిసికొనెను. తిరిగివచ్చి, మన కొండలకును అట్టి రక్షణ కావలెనని సంవత్సరములతరబడి చెప్పెను. 1906 లో చట్టము వచ్చెను. 1908 మార్చిలో తాంబొరీన్‌పై విచెస్ జలపాతపు చఱియ, 131 హెక్టార్లు, క్వీన్స్‌లాండు రాష్ట్రపు తొలి జాతీయవనమాయెను. లామింగ్టన్ పీఠభూమిని మాత్రము చూచుకొనకయే కాలిన్స్ 1913 లో మరణించెను.

ఆ పనిని అందుకొన్నవాడు రోమియో లేహీ. ఇతని కథ విచిత్రము. ఇతని కుటుంబమువారిది కానుంగ్రాలోని రంపపుమిల్లు. ఆ అడవిని కోసియే వారు సంపన్నులైరి. ఆ యింటి కుమారుడు, ఇంజనీరు, ఆ కొండలన్నియు కాలినడకను తిరిగి, వీనిని కోయరాదని నిశ్చయించుకొనెను. ఊరూర సభలు చేసెను. ఇంటింటికి పోయి సంతకములు సేకరించెను. 1915 లో లామింగ్టన్ జాతీయవనము ప్రకటింపబడెను. ఆ పేరు క్వీన్స్‌లాండు గవర్నరుగా నుండి, తరువాత 1903 నుండి 1907 వఱకు మన బొంబాయికి గవర్నరుగా వచ్చిన లామింగ్టన్ ప్రభువుది. అటుపై 1933 లో లేహీయు ఆర్థర్ గ్రూమ్ అను మిత్రుడును కలిసి బిన్నాబుర్రా అను బసను నెలకొల్పిరి. అడవిని చూడనివాడు అడవికొఱకు పోరాడడని వారి నమ్మకము. ఆ వనపు కాలిబాటలు మెల్లగా వంపులు తిరిగి ఎక్కును. పాడియావు తనంతట తాను ఎక్కు వాలును చూచి దారివాలు నిర్ణయించిరని చెప్పుదురు. ముదుసలులు సైతము ఆయాసపడక నడువగలరు.

ఆ వనముచేత చుట్టబడిన కుటుంబమొకటి కలదు. ఓరైలీ వంశపు అన్నదమ్ములు, పినతండ్రి బిడ్డలు, ఎనిమిదిమంది యువకులు, 1911 లో ఆ పీఠభూమికెక్కి పాడికొఱకు అడవి నఱకిరి. నాలుగేండ్లకే చుట్టునున్న అడవియంతయు జాతీయవనమాయెను. ఇరుగుపొరుగు రాలేదు, బండిదారియు రాలేదు. పాలతో గడవనప్పుడు, అడవిని చూడవచ్చువారికి అన్నము పెట్టి పడక యిచ్చుట నేర్చిరి. 1926 లో వారి అతిథిగృహము తెఱవబడెను. అడవియే తమ పొలమని ఆ కుటుంబము గ్రహించినది. ఆ కుటుంబమువాడే బెర్నార్డ్ ఓరైలీ. 1937 ఫిబ్రవరి 19 వ తేదీన బ్రిస్బేన్‌నుండి సిడ్నీకి బయలుదేఱిన స్టిన్సన్ విమానము ఏడుగురితో మాయమాయెను. దక్షిణమున దూరదూరముల వెదకిరి. బెర్నార్డ్ మాత్రము అది తన కొండలను దాటియుండదని తలచి, ఒంటరిగా దారిలేని అడవిలో దూఱెను. శిఖరమునుండి చూడగా దూరపు పచ్చదనములో ఒక చెట్టు తల గోధుమరంగున నుండెను. తడియడవిలో కాలిన చెట్టుకు కారణముండవలెనని అతడు ఎఱుగును. ఆ గుఱుతుపట్టి పోయి, పది దినములు కావచ్చుచుండగా, ప్రాణములతో మిగిలిన యిద్దఱిని కనుగొనెను. దిగువ పల్లెలవారు రాత్రికి రాత్రి దారి నఱకి వారిని మోసితెచ్చిరి. అడవిని యాత్రాస్థలముగా మాత్రము కాక, ఇంటివలె ఎఱిగిన మనుష్యుడుండుట ఎంతటి అవసరమో ఈ సంఘటన తెలుపును.

ఉత్తరమున మలేనీ ఊరిదగ్గఱ మఱియొక దానము జరిగినది. థిన్ ఇంటి అక్కచెల్లెండ్రు 1941 లో తమ తల్లి మేరీ కేర్న్‌క్రాస్ పేరిట 55 హెక్టార్ల అడవిని, చెట్లు కొట్టరాదను షరతుతో, ప్రజలకిచ్చిరి. చుట్టును మైళ్లకొలది పచ్చికబీడు. నడుమ ఆ యొక్క తునుక నల్లని నీడతో నిలిచియున్నది. దాని యెదుట దిగువ మైదానమున గ్లాస్‌హౌస్ పర్వతములు ఒంటరి స్తంభములవలె లేచియుండును. 1770 లో కెప్టెన్ కుక్ ఓడనుండి చూచి పెట్టిన పేరది. చిన్నచిన్న పాడెమెలన్‌లు, అనగా కుందేలుకంటె కొంచెము పెద్దవియైన కంగారూ జాతి జంతువులు, కాలిబాట ప్రక్కనే రాలిన పండ్లు తినుచు కనిపించును.

నేటి యాత్రికుడు ఈ పల్లెలలో చూడదగినది చాలకలదు. తాంబొరీన్ సుమారు అయిదువందల మీటర్ల యెత్తున మూడు చిన్న ఊళ్ల కూటమి. రోడ్డుప్రక్క అవకాడోలు, నిమ్మకాయలు, పూలమొక్కలు పెట్టిన చిన్న చెక్క అరలుండును. అమ్మువాడుండడు, ధర వ్రాసిన చీటియు డబ్బుల పెట్టెయు ఉండును. స్ప్రింగ్‌బ్రుక్‌లో పర్లింగ్ బ్రుక్ జలపాతము సుమారు నూఱు మీటర్ల యెత్తునుండి దూకును. ఆ పీఠభూమి దిగువలోయలో నేచురల్ బ్రిడ్జి అను గుహ కలదు; ఏఱు గుహ కప్పును తొలిచి లోపలికే పడును. రాత్రి ఆ గుహ కప్పంతయు నీలపు చుక్కలతో మెఱయును. ఇవి మన మిణుగురులు కావు. ఒక చిన్న దోమవంటి యీగయొక్క పురుగులు. వెలుగుతో చిన్న కీటకములను పిలిచి, జిగటదారములను వ్రేలాడదీసి పట్టి తినును. దీపము వేసినంతనే అవి తమ వెలుగును తగ్గించుకొనును. వెలుగు తగ్గినచో ఆ రాత్రి వానికి ఆహారము తగ్గును. చేతిదీపము ఆర్పి, నిశ్శబ్దముగా, చీకటికి కన్నులు అలవాటుపడువఱకు నిలిచిన వారికే అవి కనబడును.

ఇంతవఱకు చెప్పినదానినిబట్టి, యాత్రికుడు వచ్చిన చాలును, అడవి సురక్షితమని తలపరాదు. వచ్చువాడు నీరు త్రాగును, స్నానము చేయును, కారు నిలుపును, పడక కోరును. తాంబొరీన్ కొండమీద పురపాలకపు కుళాయి నీరు లేదు. ఇంటింట వాననీటి ట్యాంకులు, గొట్టపుబావులు ఉన్నవి. ఆ కొండ నీటిని లారీలలో నింపి దిగువకు తీసికొనిపోయి సీసాలలో అమ్ము వ్యాపారమును కలదు. 2019 నాటి కఱవులో ఆ కొండమీది ప్రభుత్వ పాఠశాల గొట్టపుబావి ఎండిపోయెను. నీటి లారీలు మాత్రము దిగుచునే యుండెను. కొండనీరు ఎవరిదను ప్రశ్న ఆనాడు దేశమంతట వినబడినది. స్ప్రింగ్‌బ్రుక్ ఏఱులు దిగువ హింజె జలాశయమున చేరి గోల్డ్‌కోస్టు పట్టణపు దాహము తీర్చుచున్నవి. కావున కొండమీది చెట్టు కొండమీదివారికి మాత్రమే సంబంధించినది కాదు. అది తీరపు కుళాయికి మొదటి తూము.

ఆ 2019 వ సంవత్సరముననే మఱియొక హెచ్చరిక వచ్చెను. తడియడవి అంటుకొనదని పెద్దలు నమ్మెడివారు. వానలు తప్పిన ఆ యేట సెప్టెంబరులో, వేసవి రాకముందే, కార్చిచ్చు లామింగ్టన్ అంచులనెక్కి, లేహీయు గ్రూమును కట్టిన బిన్నాబుర్రా బసను భస్మము చేసెను. ఒక సంవత్సరమునకు ఆ బస మరల అతిథులను పిలిచెను. కాలిన పాత చెక్కగదులు మాత్రము రాలేదు. 2025 మార్చిలో ఆల్‌ఫ్రెడ్ తుపాను ఈ కొండలపై చెట్లను కూల్చి దారులను మూసెను. 1994 లో ప్రపంచ వారసత్వపు జాబితాకెక్కిన అడవికైనను ఆ పేరొక్కటియే కవచము కాదు. మఱియొకవైపు, 2005 తరువాత ప్రభుత్వము స్ప్రింగ్‌బ్రుక్‌పై బీళ్లుగా మాఱిన భూములను కొని, అడవిని తిరిగి పెంచు పని పెట్టుకొనెను. ఒకప్పుడు సేద్యమునకై పంచిన నేలను మరల అడవికై కొనవలసి వచ్చినది. కొట్టుటకు కొన్ని దినములు చాలినవి. తిరిగి పెంచుటకు తరములు కావలెను.

పోదలచినవారికి కొన్ని మాటలు. ఒకే దినమున మూడు కొండలు చూడవలెనని తొందరపడవద్దు. ఒక పల్లెలో ఒక రాత్రియైన నిలిచినచో ఆ డబ్బు ఆ యూరికి చేరును, ఉదయపు పొగమంచును పక్షికూతలును మీకు దక్కును. దారులు ఇఱుకు, వంపులు ఎక్కువ. మంచు కమ్మకముందే ప్రయాణము ముగించుకొనవలెను. వాన తరువాత వనాధికారుల ప్రకటనలు చూడక బయలుదేఱరాదు. కాలిబాటను విడిచి అడుగు వేయరాదు. వెడల్పాటి మెత్తని ఆకులుగల కుట్టుడుచెట్టు అచ్చటి అడవులలో కలదు, దాని నూగు తగిలిన బాధ మన దురదగొండివలె గడియలో పోదు, వారములు ఉండవచ్చును. మొక్కనుగాని విత్తునుగాని తేరాదు, కొనిపోరాదు. బసలో నీరు పొదుపుగా వాడవలెను. అది ఏ యింటి కప్పుమీదనో పడిన వానయని మఱువరాదు.

ఇంత దూరపు కొండలను గూర్చి చెప్పుటకు మాకు మఱియొక కారణము కలదు. అరకులోయ కాఫీతోటలలో కాఫీమొక్కకు నీడ నిచ్చుచు, మిరియపుతీగకు పందిరియై, పొడవుగా నిలిచిన సిల్వర్ ఓక్ చెట్టును శ్రోతలలో చాలమంది చూచియుందురు. ఆ చెట్టు పుట్టినిల్లు ఈ తూర్పు ఆస్ట్రేలియా ఉప ఉష్ణమండలపు అడవియే. దాని నీడన మన గిరిజన కుటుంబములు నేడు కాఫీ పండించుచున్నవి. అచ్చటివలెనే మనకును తీరమున పెద్ద పట్టణములు, వాని వెనుక కనుమలు, కనుమలమీద పల్లెలు ఉన్నవి. విశాఖతీరమునకు వెనుక అరకు, లంబసింగి; రాజమహేంద్రవరమునకు ఎగువ మారేడుమిల్లి. సెలవు వచ్చెననగా ఆ దారులన్నియు వాహనములతో నిండుచున్నవి.

క్వీన్స్‌లాండువారు కలపను అమ్మి, వెన్నను అమ్మి, తుదకు మిగిలిన నీడవలన బ్రదుకుట నేర్చిరి. ఆ నీడ మిగులుటకు కారణము ఒక గొడ్లకాపరి పట్టుదల, ఒక మిల్లు యజమాని కుమారుని మనస్సు, కొందఱు స్త్రీల దానము. అది మిగిలియుండగనే మేలుకొనినందున కొంత దక్కినది. ఆ నేలకు తొలి యజమానులను లెక్కచేయనందున తీరని నష్టమొకటి మిగిలినది. మన కనుమలలో అడవియు ఉన్నది, ఆ అడవి నెఱిగిన మనుష్యులును ఇంకను ఉన్నారు. వచ్చు సెలవులలో అరకు దారి పట్టువారు, దిగు యింటివారిని ఒక మాట అడిగి చూడుడు: ఈ నీరు ఏ కొండది, ఈ చెట్టు ఎవరిది అని. చెప్పువారు దొరకినచో ఆ పల్లెను నిజముగా చూచినట్లే.